మూడో బల్ల

ఈతకొలను పక్కన బ్యాడ్మింటన్ హాల్లో
నాలుగు బల్లలు కలిపి
మా వేళ్ళకి రబ్బరు తొడుగులిచ్చారు.
క్లోరిన్ వాసనలో కూచుని ఓట్లు లెక్కపెట్టాలి.
నాది మూడో బల్ల.
గంటకింతని కూలి, ఒక గుడ్డు శాండ్‌విచ్.

హాల్డెన్‌బ్రిగ్‌లో ఎగువ కాలువ వార్డంటే
పదకొండు వీధులు, మూతపడ్డ ఉన్ని మిల్లు,
రెండు చేపల వేపుడు కొట్లు,
బెరిల్ క్రాబ్‌ట్రీ.
ముప్పై మూడేళ్ళుగా అంతే.

మొదటిసారి నిలబడ్డప్పుడు ఆవిడ
బడిపిల్లలకి గరిటెతో బంగాళాదుంప వడ్డించేదట.
పంతొమ్మిది ఓట్లతో ఓడింది.
"ఆ పంతొమ్మిది మందీ ఎవరో నాకు తెలుసు" అనేది,
నవ్వుతూనే, వేళ్ళు మడుస్తూ.
తర్వాత గెలిచింది. మళ్ళీ గెలిచింది.
పార్టీ టిక్కెట్టు ఇవ్వనంటే
కరపత్రం మీద గుర్తు తీసేసి
తన పిల్లి ఫొటో వేసుకుని గెలిచింది.
బజారులో కార్లు ఆపడానికి రుసుం పెట్టిన ఏడు మాత్రం
వార్డంతా ఒక్క మాటై దించేసింది.
రెండేళ్ళాగి తిరిగొచ్చింది
పంటినొప్పిలాగ. ఆ మాట ఆవిడదే.

కాలువ గట్టు మీద బెంచీ వేయించింది ఆవిడే,
కుర్రాళ్ళు రాత్రిళ్ళు తాగి గోల చేస్తున్నారంటే
తీయించిందీ ఆవిడే,
ముసలివాళ్ళు కూచునే చోటేదని అడిగితే
మళ్ళీ వేయించిందీ.
అన్ని తీర్మానాల్లోనూ తన సంతకం ఉందని
గర్వంగా చెప్పేది.

మా వీధి దీపం రెండు శీతాకాలాలు
కన్నుగొట్టే ఆకతాయిలా ఆరుతూ వెలుగుతూ ఉంటే
నేను రాసిన ఒక్క ఉత్తరానికి
వానలో వచ్చింది.
నెత్తిన ప్లాస్టిక్ టోపీ, చేతిలో చివికిన నోటుబుక్కు.
స్తంభం నంబరు రాసుకుంది.
నా పేరు అక్షరమక్షరం పలికించుకుని రాసుకుంది.
విశాలాక్షి అంటే పెద్ద కళ్ళున్నదని చెబితే
"పాపం, అంత కళ్ళకి ఇంత గుడ్డిదీపమా" అంది.
నలభై రోజులకి కొత్తది బిగించారు.

ఈసారి ఎదుట నిలబడ్డవాడు డెక్లన్ ఓగ్డెన్.
ఇరవై ఆరేళ్ళు, కొత్త కోటు,
కరపత్రమంతా ఒకటే మాట: మార్పు.
మంచి కుర్రాడే. వాళ్ళమ్మమ్మకి బెరిల్ ఇప్పటికీ
ఆదివారం పేపరు తెచ్చిస్తుంది.

అర్ధరాత్రి దాటాక లెక్క తేలింది.
ఎనిమిది వందల పన్నెండు. ఎనిమిది వందల పన్నెండు.
మళ్ళీ లెక్కపెట్టాం. మళ్ళీ.
ఒకరెవరో గడిలో నవ్వే ముఖం గీశారు, చెల్లిందన్నారు.
ఇంకొకరు ఇద్దరి పేర్ల మీదుగా
"ముందు చెత్తబుట్టలు" అని రాశారు, చెల్లదన్నారు.
ఎనిమిది వందల పన్నెండు.
నాలుగో బల్ల పిల్ల ఆవలించింది.
నా రబ్బరు తొడుగులో వేలు చెమటకి ముడతలు పడింది.

ఆ రోజు ఆసుపత్రి లాండ్రీలో షిఫ్టు దిగి
పది దాకా టైముంది కదా అని నడుం వాల్చాను.
లేచేసరికి తొమ్మిదీ నలభై.
లెక్కింపుకి ఆలస్యమైతే పేరు కొట్టేస్తారని
సరాసరి ఇటే వచ్చాను.

సరిసమానమైతే చీటీ వెయ్యాలట, చట్టం.
పెట్టె కోసం వెతికి వెతికి
ఎవరో మరిచిపోయిన ఈత టోపీ తెచ్చారు.
రిటర్నింగ్ ఆఫీసర్ కళ్ళు మూసుకుని, చెయ్యి పెట్టి,
మడత విప్పి, కళ్ళజోడు సర్దుకుని,
"ఓగ్డెన్" అన్నాడు.

చప్పట్లు కొట్టినవాళ్ళలో మొదట బెరిల్.
కుర్రాడి చెయ్యి పట్టుకుని చెవిలో ఏదో చెప్పింది,
వాడు జేబులో పెన్ను తడుముకున్నాడు.
తర్వాత బల్లల వెంట నడుస్తూ
ఒక్కొక్కరికీ థాంక్స్ చెబుతూ
నా దగ్గర ఆగింది.
"విశాలాక్షీ, లైటు బాగా వెలుగుతోందా?"

వెలుగుతోందన్నాను.

రెండున్నరకి దాని కిందనుంచే ఇంటికి నడిచాను.
తాళంచెవి కోసం వెతికితే
బ్యాగు అడుగున పోలింగ్ కార్డు
మడతైనా నలగకుండా
నా పేరు మొత్తం, ఒక్క అక్షరం తప్పు పోకుండా
చదవడానికి సరిపోయేంత వెలుగు.